కుట్లాయన ఆడిన మూడు ఆటలు

ఈ మధ్య నేను జపాన్ వాళ్ళ వీడియో ఆటలు మూడు ముగించాను. మొదటిదాంట్లో అరవై మూడుసార్లు చచ్చాను. రెండోదాంట్లో లోకాన్ని కాపాడాను. మూడోదాంట్లో తాడిచెట్టంత మృగాలను నరికి వాటి తోళ్ళు తొడుక్కున్నాను. మామూలుగా అయితే ఒక్కో ఆట గురించి పది వాక్యాలు రాసి మా ఆటగాళ్ళ గుంపులో పెడతాను. బొమ్మ ఎలా ఉంది, కత్తి బరువు చేతికి తెలుస్తోందా, కథ ఎక్కడ సాగదీశారు, అంతే. ఈసారి పది వాక్యాలు చాలడం లేదు, ఎందుకంటే ఈసారి ఆడింది నేనొక్కదాన్నే కాదు. మా బావ కూడా ఆడాడు. ఆయన సంగతి దాచి ఆటల సంగతి చెబితే అది అబద్ధం చెప్పినట్టే.

బావ అంటే మా అక్క మొగుడు. పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో డ్రెస్సర్. దెబ్బలు తగిలి వచ్చినవాళ్ళ గాయాలు కడిగి, కుట్లు వేసి, కట్టు కట్టడం ఆయన పని. పంతొమ్మిదేళ్ళుగా అదే బల్ల. కొత్తగా వచ్చిన డాక్టర్లకు సూది ఎలా పట్టుకోవాలో ఆయనే నేర్పుతాడు. నేర్చుకున్న మర్నాటి నుంచి వాళ్ళు ఆయన్ని "ఏమయ్యా" అని పిలుస్తారు. మిగతా ఆస్పత్రి మొత్తానికి ఆయన కుట్లాయన. నేనూ అక్కడే, క్యాజువాలిటీని ఆనుకుని ఉన్న గదిలో పరీక్షలకు రక్తం తీస్తాను. అక్క బడిలో లెక్కల టీచరు. ముగ్గురం ఒకే ఇంట్లో ఉంటాం. రెండు గదులు, ఒక టీవీ. ఆ టీవీకి నా ఆటల పెట్టె తగిలించి ఉంటుంది కనుక మా ఇంట్లో వార్తలు చూసే భాగ్యం ఎవరికీ లేదు.

బావకు నా ఆటలంటే చులకన. "పొద్దంతా నిజం నెత్తురు చూసొచ్చి, సాయంత్రం మళ్ళీ బొమ్మ నెత్తురు చూస్తావేమే" అనేవాడు. ఒకసారి స్క్రీన్ మీద ఒకడి ముంజేయి తెగి నెత్తురు పైకప్పు దాకా చిమ్మింది. బావ అన్నం తింటూ తలెత్తి చూసి, "అక్కడ తెగితే అంత రాదు. మెడ పక్క నరం తెగాలి" అని మళ్ళీ కంచంలో తల పెట్టాడు. జపాన్ ఆటల మీద ఆయన మొదటి అభిప్రాయం అది.

నాలుగు నెలల కిందట ఒక మిట్టమధ్యాహ్నం, బండి మీంచి పడ్డ ఒక మనిషిని తెచ్చారు. తెచ్చేసరికే ప్రాణం లేదు. డ్యూటీ డాక్టరు ఆ ముక్క చెప్పి వెనక తలుపులోంచి జారుకున్నాడు. వెంట వచ్చినవాళ్ళు పది పన్నెండు మంది. మొదట ఏడ్చారు. ఆ ఏడుపు ఎప్పుడు కోపంగా మారిందో తెలియలేదు గానీ, చూస్తుండగానే ఒకడు సెలైన్ కడ్డీ పీకి మందుల బీరువా అద్దం పగలగొట్టాడు. ఇంకొకడు అటెండరు తల పట్టుకుని గోడకేసి కొట్టాడు. గోడ మీద నెత్తురు చార కిందికి జారింది. పెద్ద సిస్టర్‌ను జుట్టు పట్టి ఈడ్చారు. వచ్చే ఏడు రిటైరయ్యే మనిషి, గాజు ముక్కల మీద మోకాళ్ళతో పాకుతోంది.

అప్పుడు వచ్చాడు హెల్మెట్ వాడు. ఆస్పత్రి లోపలికి వచ్చినా హెల్మెట్ తీయలేదు, ముందు అద్దం కూడా దించే ఉంది. ఇనుప స్టూలు ఎత్తాడు. ఎత్తే ముందు వాడి ఎడమ భుజం ఒక్కసారి కిందికి జారింది, ఆ తరువాతే చేతులు పైకి లేచాయి. స్టూలు సిస్టర్ తల మీదికి వస్తోంది. బావ ఆమె మీదికి వంగి, పడిపోకుండా కుడి చెయ్యి మంచం కడ్డీ మీద ఆనించాడు. స్టూలు అంచు సరిగ్గా ఆ చేతి మీద దిగింది. కింద ఇనుము, పైన ఇనుము, మధ్యలో ఆయన చెయ్యి. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. బావ అరవలేదు. వాడు మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ భుజం జారింది, మళ్ళీ అదే చేతి మీద కొట్టాడు.

నేను పదడుగుల దూరంలో నా గదిలో ఉన్నాను. తలుపు సందులోంచి అంతా చూశాను. చూసి, లోపల గడియ పెట్టుకున్నాను. ఆటలో అయితే కొండంత రాక్షసుడి మీదికైనా కత్తి పట్టుకుని దూకేదాన్ని. ఈ సంగతి ఇంతవరకూ నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు. సిగ్గుగా ఉంది.

పోలీసులు వచ్చి నలుగురి పేర్లు రాసుకున్నారు. హెల్మెట్ వాడు ఎవరో ఆ నలుగురూ చెప్పలేదు. గోడ మీది కెమెరా ఎన్నాళ్ళుగానో పైకప్పు ఫ్యానుకు కాపలా కాస్తోంది, దాంట్లో ఏమీ దొరకలేదు.

బావ అరచేతిలో రెండు ఎముకలు విరిగాయి, ఉంగరం వేలిని వంచే నరం నలిగిపోయింది. తీగలు గుచ్చి ఐదు వారాలు ఉంచారు. తీశాక చూస్తే ఆ వేలు సగం వంగి ఆగిపోయేది, బలవంతం చేస్తే వణికేది. కుట్లు వేసేటప్పుడు సూదిని పట్టుకునే పటకారుకు కత్తెరకు ఉన్నట్టే రెండు కళ్ళుంటాయి. ఒకదాంట్లో బొటనవేలు, రెండోదాంట్లో ఉంగరం వేలు. ఆ వేలు లేకపోతే కుట్లాయన లేడు.

పెద్దడాక్టరు పిలిచి మంచిగానే చెప్పాడు. "ఇంకో ఐదు వారాలు సెలవు తీసుకో. తర్వాత పది రోజులు బల్ల దగ్గర నీ చెయ్యి చూస్తాను. కుదిరితే నీ బల్ల నీదే. కుదరకపోతే దుప్పట్ల స్టోరుకు వేస్తాను. జీతమేం తగ్గదులే."

జీతం తగ్గదన్న ఆ ఓదార్పే బావను ఎక్కువ పొడిచింది. "దుప్పట్లు మడతపెట్టడానికా నేను పుట్టింది" అని ఇంటికొచ్చి గోడకు చెప్పుకున్నాడు. చేతికి వ్యాయామాలు చేయించే అమ్మాయి రబ్బరు బంతి ఇచ్చి రోజుకు మూడొందల సార్లు నొక్కమంది. నాలుగో రోజున బావ ఆ బంతిని ఎడమ చేత్తో విసిరికొట్టాడు. గోడ గడియారం పగిలింది. అక్క అద్దం ముక్కలు ఏరుతూ, "ఆ చేతికేం జబ్బు లేదుగా, దానికెందుకండీ వ్యాయామం" అంది.

ఆ సాయంత్రమే నా కంట్రోలర్ ఆయన చేతిలో పెట్టాను. అది కాస్త మంచి రకం, వెనక వైపు రెండు మీటలుంటాయి. ఆటలో దెబ్బ కాచుకునే పనిని కుడి వెనక మీటకు మార్చాను. అది నొక్కాలంటే ఉంగరం వేలు వంగక తప్పదు.

"బంతి నొక్కకపోతే గడియారం పగులుతుంది బావా. ఇది నొక్కకపోతే నీ తల తెగుతుంది," అన్నాను.

మొదటి ఆట కత్తి ఆట. మంచులో మునిగిన కోట, ఒక ఒంటికన్ను వీరుడు, ప్రభువును చంపిన ఏడుగురి మీద పగ. నా అభిప్రాయం అడిగితే ఇది పరమ పిసినారి ఆట. ప్రాణం ఇవ్వదు, మందు ఇవ్వదు, దారి చెప్పదు. రెండు దెబ్బలు తింటే చచ్చినట్టే. చచ్చాక ఒక కాకి వచ్చి నీ గుండెల మీద వాలి నీ మొహంలోకి చూస్తుంది. అయినా కత్తికి కత్తి తగిలినప్పుడు వేళ్ళలోకి వచ్చే ఆ అదురు ఇంకే ఆటలోనూ నాకు తగల్లేదు.

వంతెన మీద కాపలా ఉన్న ఈటె సేనాని దగ్గర బావ నాలుగు సెకన్లు బతికాడు. తరువాత ఆరు. ఈటె డొక్కలో దిగి వీపులోంచి వచ్చేది, సేనాని కాలితో తన్ని దాన్ని బయటికి లాక్కునేవాడు. "ఆ పోటుకు కాలేయం పోయింది, ఇక కుట్టినా లాభం లేదు" అని బావ తన చావుకు తానే చీటీ రాసేవాడు. కంగారులో అన్ని మీటలూ ఒకేసారి నొక్కేవాడు.

అప్పుడు నేను పెద్ద ఆరిందాలా పాఠం చెప్పాను. "ఈటె వైపు చూడకు బావా, భుజం వైపు చూడు. వీళ్ళల్లో ప్రతివాడికీ కొట్టే ముందు ఒక కదలిక ఉంటుంది. ఒకడికి మడమ లేస్తుంది, ఒకడికి భుజం జారుతుంది. అది వాడి సంతకం. ఎన్నిసార్లు కొట్టినా మారదు. మొహం దాచుకోవచ్చు గానీ దాన్ని దాచుకోలేరు."

మూడో వారానికి సేనాని ఊపిరి పీల్చితే చాలు, ఏ వైపు నుంచి వస్తాడో బావ చెప్పేసేవాడు. ఉంగరం వేలు నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగేవి, అయినా నొక్కేవాడు. ఒక ఆదివారం పదిహేడు పోట్లు వరసగా కాచి, పద్దెనిమిదో దానికి ఈటెను తొక్కిపట్టి, సేనాని మెడ నరికాడు. తల వంతెన మీద రెండుసార్లు దొర్లి అంచు రాయికి తగిలి ఆగింది. బావ కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని స్క్రీన్ వైపు కాక తన వేలి వైపు చూసుకున్నాడు. వేలు పూర్తిగా వంగింది. అక్క వంటింట్లోంచి వచ్చి ఆ వేలు పట్టుకుని ఏడ్చింది.

కాసేపటికి బావ, "ఆ హెల్మెట్ వాడికి ఎడమ భుజం జారేది. నువ్వు చూశావా" అన్నాడు.

"చూశాను," అన్నాను, ఆలోచించకుండా. నువ్వప్పుడు ఎక్కడున్నావు అని ఆయన అడగలేదు. అడగని ఆ మంచితనానికైనా ఆ చెయ్యి బాగుపడాలని నేను గట్టిగా కోరుకున్నాను.

ఆ రోజు నుంచి బావకు మనుషులు కనిపించడం మానేసి భుజాలే కనిపించాయి. పాలు పోసేవాడి భుజం, బస్సు కండక్టరు భుజం. అక్క గరిటె ఎత్తితే "కుడి నుంచి వస్తోంది" అని పక్కకు తప్పుకునేవాడు. మేం నవ్వేవాళ్ళం. నవ్వులాటగానే అనుకున్నాం.

రెండో ఆట కథల ఆట. నలుగురు స్నేహితులు, అరవై గంటల ప్రయాణం, చివర్లో లోకాన్ని మింగేసే ఒక జుట్టు పోలిగాడు. సంగీతం బాగుంది, కథ మాత్రం జీడిపాకం. ఇందులో యుద్ధమంటే వంతుల వారీ యుద్ధం. నువ్వు కొట్టేదాకా అవతలివాడు నిలబడి ఉంటాడు, వాడు కొట్టేదాకా నువ్వు నిలబడాలి. "మన ఓపీ వరసలో కూడా ఇంత మర్యాద లేదే" అని బావ ఆశ్చర్యపోయాడు. ఆ నలుగురిలో ఒక అమ్మాయి పాట పాడితే విరిగిన ఎముకలు అతుక్కుంటాయి. అది ఆయనకు ఎంతమాత్రం మింగుడుపడలేదు. "నాకు ఐదు వారాలు తీగలు గుచ్చారు. ఈ పిల్ల ఒక చరణం పాడితే సరిపోయిందా" అని ఆ ఆట అక్కడితో ఆపేశాడు. లోకాన్ని నేనొక్కదాన్నే కాపాడాల్సి వచ్చింది.

మూడోది వేట ఆట. మనిషికంటే పొడవైన కత్తి, ఎత్తడానికి ఒక ఊపిరి, దించడానికి ఒక ఊపిరి. మృగాన్ని అరగంట నరికితే గాని పడదు. తోక తెగుతుంది, కొమ్ము విరుగుతుంది, డొక్క చీలి పేగులు వేలాడతాయి. చావు దగ్గరపడితే అది కుంటుకుంటూ గూటికి పోయి పడుకుంటుంది. మూడింటిలోనూ నాకు నచ్చింది ఇదే. బావకు నచ్చనిదీ ఇదే. అది కుంటడం మొదలుపెట్టగానే కత్తి దించేసేవాడు. "అది కోలుకుంటుంది బావా" అని అరిస్తే, "కోలుకోనీ" అనేవాడు. నేనే లాక్కుని, నిద్రపోతున్న దాని మెడ మీద ఎక్కి చంపేదాన్ని. "నువ్వు ఆస్పత్రిలో పనిచెయ్యాల్సిన మనిషివి కాదే పిల్లా" అనేవాడు బావ.

ఐదు వారాలయ్యాక బావ బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఇంట్లో అరటితొక్క మీద చీమ దూరనంత సన్నగా కుట్లు వేసిన మనిషి, అక్కడ మొదటి రోజే సూది నేల మీద పడేశాడు. వేలు వంగుతోంది, చెయ్యే వినడం లేదు. ఎక్కడో స్టూలు కీచుమంటే చాలు, మోచేతి దాకా వణుకు. మూడో రోజు ఒక ముసలాయన నుదుటి గాయం దగ్గర ఆయన చెయ్యి ఊగుతుంటే పెద్ద సిస్టర్ మాట్లాడకుండా పటకారు తీసుకుని తనే కుట్టింది. ఎనిమిది రోజులు అలాగే గడిచాయి. దుప్పట్ల స్టోరు తాళంచెవి ఎవరి దగ్గరుంటుందని ఎనిమిదో రోజు సాయంత్రం బావ నన్ను అడిగాడు. 

తొమ్మిదో రోజు పొద్దున ఒక హమాలీ వచ్చాడు. లారీలోంచి దించుతుంటే ఇనుపరేకు జారి కుడి ముంజేయి మోచేతి నుంచి మణికట్టు దాకా చీలింది. లోపలి కండ కనిపిస్తోంది. తుండుగుడ్డ చుట్టుకున్నాడు గానీ అది తడిసి నేల మీద బొట్లు బొట్లుగా పడుతోంది. "నెత్తురు పోతోంది కనబడటం లేదా, ఎంతసేపు నిలబడాలి" అని పెద్ద సిస్టర్ మీద గొంతు పెంచాడు. ఆమె కూర్చోమంది. అతను ఎడమ చేత్తో ఇనుప స్టూలు ఎత్తాడు.

ఎత్తే ముందు అతని ఎడమ భుజం జారింది.

పెద్ద సిస్టర్ రెండడుగులు వెనక్కి వేసింది. అతను స్టూలు బల్ల పక్కన వేసుకుని కూర్చున్నాడు, అంతే. కానీ బావ మొహంలో రంగు మారిపోయింది. నా గది గుమ్మం దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "వాడే" అన్నాడు.

"ఎవరు?"

"హెల్మెట్."

నేను తొంగి చూశాను. అతను సరిగా కుదరక స్టూలు మరోసారి ఎత్తి జరుపుకున్నాడు. మళ్ళీ అదే జారుడు. 

"వాడే బావా. గార్డును పిలవనా?"

"వద్దు. ముందు కుట్లు వెయ్యాలిగా" అన్నాడు బావ. ఎనిమిది రోజులుగా లేని నెమ్మది ఆ గొంతులో ఉంది. అది విని నాకు భయం వేయాల్సింది. సంతోషం వేసింది.

అతన్ని బల్ల మీద పడుకోబెట్టాడు. మత్తు ఇంజక్షన్ సీసా ట్రేలోనే ఉంది. బావ దాని మీద దూది పరిచాడు. పరీక్షకు రక్తం తీయాలన్న నెపంతో నేను అక్కడే నిలబడ్డాను కనుక ఆ దూది పరచడం నా కళ్ళతో చూశాను.

"మత్తు మందు అయిపోయింది. స్టోరు నుంచి రావాలంటే మధ్యాహ్నం అవుతుంది. ఆగుతావా, ఓర్చుకుంటావా?"

"నొప్పి బాగా ఉంటుందా సార్?"

"అంతేం ఉండదు."

"అయితే కుట్టెయ్యండి. మధ్యాహ్నం ఇంకో లోడుంది."

ముందు బ్రష్షుతో గాయం లోపల తోమాడు. తుప్పు, ఇసుక, నెత్తురు కలిసి నురగగా పైకి వచ్చాయి. హమాలీ తుండుగుడ్డ నోట్లో కుక్కుకున్నాడు. సూది చర్మంలోంచి దిగి అవతలి అంచులోంచి తేలింది. దారం లాగడానికి ఒక క్షణం చాలు. బావ నాలుగైదు క్షణాలు తీసుకున్నాడు. రెండో కుట్టుకు అతని మడమలు బల్లను తన్నాయి. నాలుగో కుట్టుకు తుండుగుడ్డ జారి అరుపు వరండా దాకా పోయింది, బయట వరసలో ఒక పసిపిల్ల ఏడుపు అందుకుంది. అటెండరు వచ్చి కాళ్ళు పట్టుకున్నాడు. ఏడో కుట్టుకు అతని పంట్లాం తడిసింది. తను తడిపానని తెలిసి అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు. నేను అతని చేతిని చూడలేదు, బావ చేతినే చూశాను. ఉంగరం వేలు పటకారు కంటిలో బిగిసి ఉంది. వెంట్రుకవాసి కూడా వణకలేదు.

ఎనిమిదో కుట్టు దగ్గర పెద్దడాక్టరు వచ్చి వెనక నిలబడ్డాడు. "ఏంటయ్యా అంత అరుస్తున్నాడు?"

"ఓర్పు తక్కువ సార్," అన్నాడు బావ, తల తిప్పకుండా.

పెద్దడాక్టరు మిగిలిన మూడు కుట్లూ చూశాడు. ముడులు చూశాడు. "చెయ్యి మునుపటికంటే బాగుంది. రేపటిదాకా ఎందుకు, ఇవాళే కాగితం పెట్టేస్తాను," అని భుజం తట్టి వెళ్ళిపోయాడు. మొత్తం పదకొండు కుట్లు.

తరువాత హమాలీని నా గదిలోకి తెచ్చారు. ఒళ్ళంతా చెమట, పెదవి కొరుక్కుని నెత్తురు. నేను రక్తం తీసే సూది కావాలనే మొరటుగా గుచ్చాను.

"ఈ ఆస్పత్రి నీకు కొత్తేం కాదుగా," అన్నాను.

"కొత్తేనమ్మా. ఈ ఊరొచ్చి నెల కూడా కాలేదు. ఇదివరకు రేవులో పనిచేసేవాణ్ణి. అక్కడ బస్తాల దొంతర మీద పడి భుజమెముక విరిగింది. వంకరగా అతుక్కుంది. ఇప్పుడు ఏది ఎత్తబోయినా ముందు ఇది జారుతుంది." ఎడమ చేత్తో జేబులోంచి ప్లాస్టిక్ కవరులో మడిచిన కాగితం తీశాడు. "మేస్త్రీకి చూపించడానికి దగ్గరే పెట్టుకుంటాను. మీ దాంట్లో రాసుకోవాలేమో చూడండి."

అది వేరే ఊరి ఆస్పత్రి చీటీ. చేర్చుకున్న తేదీ, పంపించిన తేదీ, గుండ్రటి ముద్ర. మా మీద దాడి జరిగిన రోజు నా పుట్టినరోజు కంటే బాగా గుర్తు నాకు. ఆ రోజున ఇతను అక్కడ, భుజానికి కట్టుతో, మంచం మీద ఉన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే దొంగ భుజాలు తడుముకున్నాడంటారు. ఇక్కడ అతను పాపం దేన్నీ తడుముకోలేదు, మేమే అతని భుజం చూసి దొంగను తేల్చేశాం. ఆ భుజం సంగతి నేర్పింది నేను. "వాడే బావా" అని తలాడించింది నేను. సూది తీశాక అక్కడ దూది పెట్టడం కూడా మరిచిపోయి నిలబడ్డాను.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి బావ బల్ల బావకే ఇచ్చిన పెద్దడాక్టరు కాగితం సంగతి అక్కకు తెలిసిపోయింది. బావ పక్కన కూర్చుని జన్మలో మొదటిసారి కంట్రోలర్ పట్టుకుని, ఎటు నడవాలో తెలియక గోడకు గుద్దుకుంటూ నవ్వుతోంది. నేను టీవీ ఆపేసి, మత్తు లేకుండా వేసిన కుట్ల సంగతీ, చీటీలో చూసిందీ చూసినట్టు చెప్పాను.

బావ అక్క చేతిలోంచి కంట్రోలర్ తీసి కింద పెట్టాడు. "నువ్వూ చూశావుగా," అన్నాడు.

"చూశాను బావా. ఇద్దరం తప్పే చూశాం."

అక్కకు ముందు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక్కటే అడిగింది. "ట్రేలో మందు ఉందా?"

"ఉంది."

"ఆ హెల్మెట్ వాడే అయ్యుంటే, మందు ఇవ్వకపోవడం సరైన పనేనంటారా?"

బావ తన కుడి చేతిని తిరగేసి చూసుకున్నాడు. "ఏమో. వాడే అయ్యుంటే ఈ పూట అన్నం తినేవాణ్ణి," అన్నాడు. అక్క లేచి వెళ్ళిపోయింది. మర్నాటి దాకా ఆయనతో మాట్లాడలేదు.

ఆ తరువాత పది రోజులూ బావ చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. స్టూళ్ళు కీచుమన్నా, మనుషులు అరిచినా, అది తన పని తాను చేసుకుపోయింది. కుట్లాయన తిరిగొచ్చాడని అందరూ సంబరపడ్డారు. ఆయన మాత్రం ప్రతి మనిషికీ మత్తు సీసా ఎత్తి కళ్ళ ముందు పెట్టి చూపించి, అప్పుడు సూదిలోకి ఎక్కించేవాడు. ఎవరూ అడగకపోయినా చూపించేవాడు. ఇంట్లో ఆటల జోలికి రాలేదు. నేనూ పెట్టె తీసి బీరువాలో పెట్టేశాను.

పదో రోజు హమాలీ కుట్లు తీయించుకోవడానికి వచ్చాడు. గాయం శుభ్రంగా అతుక్కుంది. మొహం వెలిగిపోతోంది.

"మావాళ్ళు ఎవరూ నమ్మడం లేదు సార్. పదకొండు కుట్లు, మత్తు లేకుండా. కోతలు కొయ్యకురా అంటున్నారు. మీరొక్క మాట చెబితే చాలు," అని ఫోను కలిపి బల్ల మీద పెట్టాడు. అవతల ఇద్దరు ముగ్గురి నవ్వులు వినిపిస్తున్నాయి. నేను నా గది గుమ్మంలో ఉన్నాను. ఈసారి తలుపు వేసుకోలేదు.

"చెప్పండి డాక్టరు గారూ, వీడు చెప్పేది నిజమేనా?" అంది ఫోను.

"నిజమే," అన్నాడు బావ. ఆగి, హమాలీ మొహంలోకి చూసి, "మందు అయిపోలేదు. ఆ రోజు ట్రేలోనే ఉంది. నేనే ఇవ్వలేదు" అన్నాడు.

హమాలీ నవ్వుతూనే ఫోను పెట్టేశాడు. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, దాన్ని ఏం చేయాలో తెలియనట్టు. "ఎందుకు సార్?"

"నా చెయ్యి విరగ్గొట్టినవాడు నువ్వే అనుకున్నాను. వాడికీ భుజం అలాగే జారేది."

"నేనా?"

"నువ్వు కాదు. తర్వాత తెలిసింది. తప్పు నాది."

"నాదీ," అన్నాను నేను గుమ్మంలోంచి. అతను నా వైపు చూడలేదు.

తిడతాడనుకున్నాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను. అతను తన ముంజేయి మీది కుట్లను ఎడమ చేతి వేళ్ళతో ఒక్కొక్కటే తడిమాడు. "ఆ రోజు మా మేస్త్రీ కూతురు కూడా బయట వరసలో ఉందండి," అన్నాడు మెల్లగా. "నా పంట్లాం చూసింది."  బావ కత్తెర, దారం పట్టి లాగే చిమటా తీసుకుని స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.

"ఇవి తీసేటప్పుడు నొప్పి ఉంటుందా?" అన్నాడు అతను.

"ఉండదు. నిజంగా ఉండదు."

హమాలీ చెయ్యి వెనక్కి తీసుకుని గుండెలకు ఆనించుకున్నాడు. "ఆ రోజూ మీరు ఇలాగే చెప్పారు కదండీ. వేరే ఎవరినైనా పిలవండి."

పెద్ద సిస్టర్ వచ్చి పదకొండు కుట్లూ తీసింది. బావ పక్కన ట్రే పట్టుకుని నిలబడ్డాడు. ఆమె కత్తెర వేసిన ప్రతిసారీ హమాలీ తన చేతి వైపు చూడలేదు, బావ చేతుల వైపే చూశాడు.